ఈసారి వారోత్సవాల్లో బీరువాలు తెరవండి

జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ గారికి, కార్యదర్శి గారికి, మా ఊరి శాఖా గ్రంథాలయాధికారి గారికి,

నమస్కారం. నేను మీ శాఖా గ్రంథాలయంలో సభ్యుణ్ణి. ఇదే ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లల్ని పంపమని మీ దగ్గర్నుంచి కబురొస్తే, వాళ్ళని వరసలో నిలబెట్టి రోడ్డు దాటించి తీసుకొచ్చేది నేనే. మీతో కలిసి పనిచేసేవాడిగానే ఇది రాస్తున్నాను. అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఈసారి ఆ ఏడు రోజులూ పుస్తకాలు ఇష్యూ చేయండి. బీరువాల తాళాలు తీసి పెట్టండి. లోపలికొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఒక పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళేలా చూడండి. మిగతా కార్యక్రమాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

లైబ్రరీలో పుస్తకాలివ్వడం కూడా అడగాల్సిన విషయమేనా అని చదివేవాళ్ళకి అనిపించొచ్చు. మా ఊళ్ళో వారోత్సవాలు ఎలా జరుగుతాయో చూసినవాళ్ళకి అర్థమవుతుంది. పదమూడో తారీఖు సాయంత్రం ఫ్లెక్సీ కడతారు, రీడింగ్ రూమ్‌లో బల్లలు ఒక మూలకి జరిపేస్తారు, కుర్చీలు వేస్తారు, మైక్ సెట్ వస్తుంది. పద్నాలుగున నెహ్రూ గారి పటానికి దండ, జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు. ఆ తర్వాత రోజుకొకటో రెండో చొప్పున పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, కవి సమ్మేళనం, ముగ్గుల పోటీ. ఇరవైన బహుమతులు. వారమంతా ఊళ్ళో ఎప్పుడూ లేనంత మంది గ్రంథాలయం గడప తొక్కుతారు, ఇది నిజం, దీనికి మీ సిబ్బంది పడే శ్రమ నేను కళ్ళారా చూశాను. కానీ ఆ వారంలో ఇష్యూ రిజిస్టర్ తీసి చూడండి. లైబ్రేరియన్ గారు అతిథుల కోసం గేటు దగ్గరో, వేదిక మీదో ఉంటారు, బీరువా తాళాలు ఆయన జేబులో ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ మంది వచ్చే వారంలో పుస్తకం బయటికి వెళ్ళదు.

కిందటేడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి, వ్యాసం రాయడం అయిపోయి ఏం చేయాలో తోచక, గోడవారగా ఉన్న అద్దాల బీరువా దగ్గర నిలబడి పుస్తకాల వెన్ను మీద పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతోంది. పక్కనున్న పిల్లలు వచ్చి చేరారు. దుమ్ము పట్టిన అద్దాన్ని చున్నీతో తుడిచి మరీ చదువుతున్నారు. కొన్ని పేర్లకి నవ్వుకున్నారు, ఒకదాని దగ్గర "ఇది దెయ్యాల కథేమో సార్" అని నన్ను పిలిచారు. తాళం అడుగుదామంటే ఆయన అప్పుడే అతిథి గారికి శాలువా అందిస్తున్నారు. ఆ పిల్లకి వ్యాసరచనలో మూడో బహుమతి వచ్చింది. ప్లాస్టిక్ షీల్డు మీద గ్రంథాలయ వారోత్సవాలు అని బంగారు రంగు అక్షరాలున్నాయి. ఆ పిల్లకి కావాల్సిన పుస్తకం మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. సభ్యత్వం తీసుకుందామని ఇంకోరోజు వెళితే డిపాజిట్, ఆధార్ జెరాక్స్, గెజిటెడ్ సంతకం అని చెప్పారట, వాళ్ళ నాన్న కూలి పని మానుకుని రాలేక వదిలేశాడు.

లైబ్రేరియన్ గారి మీద ఫిర్యాదుగా ఇది రాయడం లేదు. ఆయన మా ఊరితో పాటు ఇంకో రెండు శాఖలకి ఇన్‌చార్జి. ఊడ్చే ఆవిడ పార్ట్ టైమ్. కొత్త నియామకాలు లేక ఒక్కో మనిషి మీద ఎంత భారం పడిందో ఊళ్ళో అందరికీ తెలుసు. పైగా ఆయన తాళం తీయడానికి వెనకాడటానికి అసలు కారణం వేరే ఉంది. దాని గురించి ఎవరూ సభలో మాట్లాడరు కాబట్టి నేను రాస్తున్నాను. స్టాక్ వెరిఫికేషన్ అంటే భయం. లెక్కలో పుస్తకం తగ్గితే ఎవరు జవాబు చెప్పాలి? ఆయనే. జీతంలో కోస్తారని, పెన్షన్ దగ్గర ఆపుతారని ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళంతా చెప్పుకుంటారు. అలాంటప్పుడు ఏ మనిషైనా ఏం చేస్తాడు? పుస్తకం లోపలే ఉంటే క్షేమం అనుకుంటాడు. పిల్లలకి ఇస్తే చింపుతారు, పారేస్తారు, ఊరు మారిపోతారు. బీరువాలో ఉన్న పుస్తకాన్ని చెదలు తిన్నా ఎవరూ అడగరు, పిల్లాడి దగ్గర పోయిన పుస్తకానికి మాత్రం సంజాయిషీ రాయాలి.

ఈ భయం పోగొట్టగలిగింది జిల్లా సంస్థ ఒక్కటే. ఒక్క కాగితం చాలు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల గ్రంథాలయాలకి వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో ఇష్యూ చేసిన, లేదా అక్కడే చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోవడం సహజమేనని అందులో స్పష్టంగా ఉంది, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. వెయ్యి రూపాయలకి మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారించమంటుంది. ఎంత తెలివైన నిబంధనో చూడండి. ఇష్యూలు పెరిగేకొద్దీ మాఫీ అయ్యే లెక్క కూడా పెరుగుతుంది, అంటే ఎక్కువ పుస్తకాలు ఇచ్చిన లైబ్రేరియన్‌కే ఎక్కువ రక్షణ. కేంద్రం తన ఆఫీసుల్లో పెట్టుకున్న పద్ధతిని మన జిల్లా సంస్థ కనీసం బాలల విభాగం పుస్తకాలకైనా పాటించేలా తీర్మానం చేయలేదా? దానికి పైనుంచి అనుమతి కావాలంటే, అడగండి. మేం సభ్యులం కూడా సంతకాలు పెట్టి ఇస్తాం. ఆ కాగితం మా లైబ్రేరియన్ గారి చేతిలో పడిన రోజున బీరువా దానంతటదే తెరుచుకుంటుంది, ఆయన పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి, నాకు తెలుసు.

ప్రతి ఏడూ వారోత్సవాల వేదిక మీద గ్రంథాలయ ఉద్యమం గురించి ప్రసంగాలు ఉంటాయి. ఉండాలి కూడా. అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు ఎత్తకుండా ఆ వారం గడవదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఎలా పుట్టిందీ, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం ఎలా మొదలైందీ, అంతకు ముందే 1901లో నిజాం ఏలుబడిలో ఉన్న హైదరాబాదులో తెలుగు చదువుకునేందుకు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని ఎలా పెట్టుకున్నదీ చెబుతారు. మా పిల్లలు శ్రద్ధగానే వింటారు. పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం దగ్గరికొచ్చేసరికి మాత్రం నిటారుగా కూర్చుంటారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని, పడవెక్కినవాళ్ళకీ ఒడ్డున ఊళ్ళవాళ్ళకీ చదువుకోమని ఇచ్చారంటే పిల్లలకి అది కథలాగే ఉంటుంది. "నీళ్ళలో పడిపోతే ఎలా సార్?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. పడవలో తడుస్తాయనీ, పోతాయనీ తెలిసే వాళ్ళు ఎక్కించారు. పుస్తకం చదివే మనిషి దాకా వెళ్ళకపోతే అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని వాళ్ళు నమ్మారు. వాళ్ళ పటాలకి దండ వేసిన గదిలోనే బీరువాలకి తాళాలుండటం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

ఇక కార్యక్రమాల మాట. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు భారత గ్రంథాలయ సంఘం పిలుపుతో 1968 నుంచి నవంబర్ 14 - 20 మధ్యే జరుగుతున్నాయి, ఆ తేదీలు మార్చమని నేను అనడం లేదు. కానీ సందడంతా ఆ ఏడు రోజుల్లోనే కుక్కేయకుండా దసరా సెలవుల నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాను. సెలవుల్లో పిల్లలకి తీరిక. మూలా నక్షత్రం నాడు ఇళ్ళల్లో పుస్తకాలకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం, పిల్లలకి పలకా బలపం పంచుతాం. పుస్తకం మీద ఇంత గౌరవం ఉన్న రోజుల్లో లైబ్రరీ ముందు ఒక బల్ల వేసుకుని కూర్చుని, పండగ ఎవరిదైనా సరే, వచ్చిన పిల్లలందరికీ సభ్యత్వ కార్డులు రాసివ్వొచ్చు కదా. డిపాజిట్ బడి పిల్లలకి మాఫీ చేయండి, లేదా హెడ్మాస్టర్ గారి పూచీ సరిపోతుందనండి. మా స్కూల్ తరఫున ఆ పూచీ మేం రాసిస్తాం, స్టాఫ్ రూమ్‌లో ఈ మాట అనుకునే రాస్తున్నాను. సెలవుల్లో కార్డులు చేతికొస్తే, కార్తీకంలో వారోత్సవాల నాటికి పిల్లలు ఒక పుస్తకం చదివేసి రెండోదానికి వస్తారు. అప్పుడు వక్తృత్వ పోటీలో "గ్రంథాలయాల ప్రాముఖ్యత" అని బట్టీ పట్టిన మాటలు చెప్పించనక్కర్లేదు. నువ్వు చదివినదాన్ని చెప్పమ్మా అంటే చాలు. తడబడుతూ చెప్పినా సరే, వినడానికి ఎంత బాగుంటుందో మీరే చూస్తారు.

సమయాల గురించి కూడా ఆలోచించండి. మన శాఖ పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. నవంబర్‌లో ఆరు కాకముందే చీకటి పడుతుంది. అతిథి గారు ఆలస్యంగా వచ్చి, సభ ఏడున్నర దాటితే ఆడపిల్లల్ని ఒంటరిగా ఇంటికి పంపడం మాకు టెన్షన్, వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా టెన్షన్. మరుసటి ఏడు ఆ తల్లిదండ్రులు పంపరు. పిల్లల కార్యక్రమం ఏదైనా సరే నాలుగున్నరకి మొదలై ఐదున్నరకి ముగిసిపోవాలి, అతిథి వచ్చినా రాకపోయినా. అది ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం ఇబ్బందులు తీరతాయి.

ఆడవాళ్ళ సంగతి దీనికంటే పెద్దది. పంతొమ్మిదిన మహిళా దినోత్సవం అని ముగ్గుల పోటీ పెడతారు. ఊళ్ళో వాళ్ళంతా ఉత్సాహంగా వస్తారు, ఆవరణ రంగులతో నిండిపోతుంది, చూడముచ్చటగా ఉంటుంది. గెలిచినావిడకి స్టీలు డబ్బా ఇస్తారు, ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా మెట్లెక్కి లోపలికి రావడం నేను చూడలేదు, రమ్మని ఎవరూ అనలేదు కూడా. మా అమ్మ తరం ఇలా లేదు. మధ్యాహ్నం పనులయ్యాక పిల్లల చేత లైబ్రరీ నుంచి నవలలు తెప్పించుకుని చదివేవాళ్ళు, చదివింది వీధరుగు మీద ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకి చదివే కోరిక పోయిందని నేను అనుకోను, వీలు పోయింది. ఇంట్లో ఆడవాళ్ళకి తీరిక దొరికేది మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య, పిల్లలు బడిలో ఉన్నప్పుడు. సరిగ్గా అప్పుడే మన లైబ్రరీ మూసి ఉంటుంది. ఈ కార్తీక మాసంలో వారానికి రెండు రోజులైనా ఆ రెండు గంటలు తెరిచి చూడండి. సిబ్బంది లేరంటారు, నిజమే. ఊళ్ళో రిటైరైన టీచరమ్మలు ఉన్నారు, అడిగితే వంతుల వారీగా కూర్చుంటారు. ముగ్గులూ పెట్టండి, కానీ ముగ్గు వేసిన ప్రతి ఆవిడనీ "లోపలికి రండమ్మా, నచ్చింది తీసుకెళ్ళండి" అని పిలవండి.

రీడింగ్ రూమ్‌లో రోజూ కూర్చునే కుర్రాళ్ళనీ అమ్మాయిలనీ ఆ వారం మర్చిపోకండి. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు, ఏదో ఒకదానికి చదువుతూ తలుపు తీసే వేళకి వచ్చి మూసేదాకా కదలనివాళ్ళు వాళ్ళే. నేనూ అదే బల్ల దగ్గర కూర్చుని డీఎస్సీకి చదువుకున్నాను, ఫ్యాన్ కింద చోటు కోసం ముందే వచ్చేవాణ్ణి. వారోత్సవాలొస్తే వాళ్ళకి చోటుండదు. పుస్తకాలు సంచిలో వేసుకుని బయట వేపచెట్టు కింద, మెట్ల మీద కూర్చుని, మైకులో ప్రసంగం హోరెత్తుతుంటే ప్రాక్టీస్ బిట్లు చేసుకుంటారు. పరీక్ష దగ్గరపడ్డవాళ్ళకి వారం అంటే చాలా పెద్ద నష్టం. సభలు మా స్కూల్ హాల్లో పెట్టుకోండి, తాళం మేమిస్తాం. రీడింగ్ రూమ్‌ని ఆ ఏడు రోజులూ వాళ్ళకి వదిలేయండి. వాళ్ళ కోసం ఒక సాయంత్రం కేటాయిస్తే ఇంకా మంచిది. ఈ గదిలో చదివి ఉద్యోగం సంపాదించినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళల్లోనే చాలామంది ఉన్నారు, కబురు పెడితే వస్తారు. ఏ పుస్తకం ఎలా చదివారో, ఎక్కడ మార్కులు పోయాయో వాళ్ళు చెబితే, కోచింగ్‌కి డబ్బు కట్టలేని పిల్లలకి అంతకంటే కావాల్సిందేముంది.

వయసు మళ్ళినవాళ్ళకి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పేపర్ రోజూ పొద్దున ఎనిమిదికల్లా బల్ల మీద ఉంటే చాలు. చూపు ఆనని వాళ్ళకి మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆదివారాలు అరగంట పేపర్ చదివి వినిపిస్తారు. ఎటూ శుక్రవారం మీకు సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

డబ్బు గురించి రెండు మాటలు. మేం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నట్టు. చాలామందికి ఈ సంగతే తెలియదు, రసీదు మీద చూసి ఇదేమిటని నన్ను అడిగినవాళ్ళున్నారు. స్థానిక సంస్థలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకి జమ చేయడం లేదని రాష్ట్రమంతటా ఏళ్ళ తరబడి వింటున్న మాటే. ఆ బకాయిల కోసం మీరు పడే తిప్పలు మాకు అర్థమవుతాయి, కానీ ఆ లెక్క జనం ముందు పెడితే మీకే బలం. వారోత్సవాల మొదటి రోజున నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించండి. మా ఊరి నుంచి ఈ ఏడు ఎంత పన్ను వసూలైంది, అందులో ఎంత మీకు చేరింది, మా శాఖకి ఎన్ని పుస్తకాలు కొన్నారు, ఎన్ని ఇష్యూ అయ్యాయి. రాకపోయిన డబ్బు గురించి మీరు ఒక్కరే ఉత్తరాలు రాసేకంటే, పన్ను కట్టినవాళ్ళం మేం వెళ్ళి అడిగితే వేరుగా ఉంటుంది. అడుగుతాం కూడా.

ఉన్న డబ్బులోనే శాలువాల ఖర్చు కొంచెం తగ్గించుకోవచ్చు. అతిథుల్ని గౌరవించొద్దని కాదు. ఒక శాలువా ధరకి నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవో, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవో పిల్లల పుస్తకాలు మూడు నాలుగు వస్తాయి. ఆ పుస్తకాలు అతిథి చేతుల మీదుగానే బాలల విభాగానికి ఇప్పించండి, లోపల పేజీ మీద ఆయన సంతకం పెట్టించండి. శాలువా ఇంటికెళ్ళి బీరువాలో పడుతుంది, సంతకం ఉన్న పుస్తకం ఊళ్ళో తిరుగుతుంది. పోటీల్లో షీల్డుల బదులు కూడా పుస్తకాలే ఇవ్వండి, ఎంచుకునే పని మాత్రం పిల్లలకే వదిలేయండి. పెద్దవాళ్ళం ఎంచితే నీతి కథలూ జీవిత చరిత్రలూ తప్ప ఇంకేం కనబడవు మనకి. వాళ్ళకి దెయ్యాలు కావాలి, జంతువులు కావాలి, రాకెట్లు కావాలి, క్రికెట్ కావాలి.

వీటిలో ఏది కుదిరినా కుదరకపోయినా మొదట అడిగింది మాత్రం కాదనకండి. సభలు తగ్గినా, ఫ్లెక్సీ చిన్నదైనా ఊళ్ళో ఎవరూ ఏమీ అనుకోరు. ఇష్యూ కౌంటర్ మాత్రం ఏడు రోజులూ నడవాలి. లైబ్రేరియన్ గారికి వేదిక పని ఉంటుంది కాబట్టి, కౌంటర్ దగ్గర ఆయన చెప్పినట్టు రిజిస్టర్ రాయడానికి నేనూ, మా స్కూల్లో ఇంకో ఇద్దరు మాస్టార్లూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఉంటాం. పుస్తకాలు తిరిగి రాబట్టే బాధ్యత కూడా మాదే, పిల్లలు ఎటూ రోజూ మా కళ్ళ ముందే ఉంటారు.

దసరా సెలవులు ఇచ్చేలోపు మీ జవాబు అందితే, సభ్యత్వ దరఖాస్తులు క్లాసులోనే నింపించి, హెడ్మాస్టర్ గారి సంతకాలతో కట్ట కట్టి మీ ఆఫీసుకి తెచ్చిస్తాం. ఖాళీ దరఖాస్తు ఒకటి పంపండి, జెరాక్సులు మేం తీయించుకుంటాం.

ఇట్లు,
మీ శాఖా గ్రంథాలయ సభ్యుడు,
జిల్లా పరిషత్ హైస్కూల్ తెలుగు ఉపాధ్యాయుడు